మిట్టమధ్యాహ్నం మూడు పిలుపులు

మా అమ్మ ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలకదు. చెవుడేమీ లేదు. మిట్టమధ్యాహ్నం పూట, దీపాలు పెట్టే పూట గాలి మనుషుల గొంతుతో పిలుస్తుందనీ, పలికితే ఇంట్లోకి వచ్చేస్తుందనీ మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళ నమ్మకం. గాలికి ఓపిక తక్కువట. ఒకసారి పిలుస్తుంది, మహా అయితే రెండుసార్లు. మూడోసారి కూడా పిలిచారంటే మనిషే. అమ్మ పెళ్ళి చేసుకుని కలకత్తా వచ్చినప్పుడు ఊళ్ళో చాలా వదిలేసి వచ్చింది కానీ దీన్ని మాత్రం మూట కట్టుకుని తెచ్చుకుంది. మా వాట్‌గంజ్ సందులో చేపలమ్మే అతను కిందనుంచి బెంగాలీలో పిన్నిగారూ అన్నట్టు "మాషీమా" అని ఒక్క కేక వేసి సాగిపోయాడంటే ఆ పూట మాకు చేప లేనట్టే.

నాన్న ఓడరేవు డాకులో సరుకు ఎత్తే వించి మీద పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తూ సందు మలుపులో ఉండగానే మొదలుపెట్టేవాడు. అక్కడ ఒకసారి "ఒలే". మెట్ల దగ్గర ఇంకోసారి "ఒలే". తలుపు ముందు నిలబడి, కొంచెం సాగదీసి, "ఒలేవ్". అప్పుడు వంటింట్లోంచి "ఆఁ, వస్తన్నాను" అని వచ్చేది జవాబు. వాళ్ళిద్దరి మధ్య ఇంతకన్నా ముద్దు మాటలు నేను వినలేదు. పేరు పెట్టి పిలుచుకున్నది అసలే వినలేదు.

ఆయన పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో అన్నయ్య చాందినీ బజార్‌లో ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. దాంతో పాటు ఊరికే ఇచ్చిన సీడీలో ఒక అలారం ప్రోగ్రాం ఉంది. వేళ పెట్టి, మన గొంతు రికార్డు చేస్తే, రోజూ ఆ వేళకి ఆ గొంతే మాట్లాడుతుంది. అమ్మకి అప్పటికే షుగర్. మధ్యాహ్నం అన్నానికి ముందు గోళీ మింగాలి, ఆవిడ మరిచిపోతుంది. నాన్నకి గోళీ గుర్తుచేసే వేళా, పేకాటకి వెళ్ళే వేళా ఒకటే. ఆయన రెండూ వదులుకోలేని మనిషి. "ఆ పెట్టెలో నా మాట పెట్టీయవే గుంటా" అన్నాడు నాతో.

మైకు చేతికిచ్చాను. ఆయన దాన్ని సందు మలుపు అనుకున్నాడు కాబోలు, అలవాటు ప్రకారం ఆగి ఆగి మూడుసార్లు పిలిచాడు. వంటింట్లో ఉన్న అమ్మ నిజంగానే పిలుస్తున్నాడనుకుని "ఆఁ, వస్తన్నాను" అంది. ఆ తర్వాత ఆయన "గోళీ ఏసుకున్నావేటి?" అని ముగించాడు. అమ్మ గొంతు కూడా పడింది, తీసేసి మళ్ళీ చేద్దామన్నాను. "ఉండనీ. పలికింది కదా" అన్నాడు. పేకాటకి ఆలస్యమవుతోందని ఆయన తొందర.

ఆయన పోయాక కూడా ఆ కంప్యూటర్ రోజూ మధ్యాహ్నం పిలుస్తూనే ఉండేది. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. అమ్మ మాత్రం మూడో పిలుపు అయ్యాక లేచి, గోళీ వేసుకుని, అన్నం వడ్డించుకునేది. కొన్నాళ్ళకి నేనూ అలవాటు పడ్డాను. ఇంటి గోడల్లో అదీ ఒక చప్పుడు, డాకులో ఓడ కూత ఎలాగో అలాగే.

తర్వాత ఆ పాత పెట్టె పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది కొన్నాం. కొత్త ఆపరేటింగ్ సిస్టం, ఇంట్లో ఎవరి లాగిన్ వాళ్ళకి, నాది ఒకటి, వదినది ఒకటి. నేను ఓడ సరుకుని కస్టమ్స్ దాటించే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ కంప్యూటర్ మొరాయిస్తే నన్నే పిలుస్తారు కాబట్టి ఇంట్లో కూడా ఈ పనులు నా నెత్తినే. పాత డిస్కులోంచి అలారం ప్రోగ్రాం ఫోల్డర్ మొత్తం తీసి కొత్తదాంట్లో, ప్రోగ్రాములు ఉండే చోట పెట్టాను. పెట్టేటప్పుడు సిస్టం అనుమతి అడిగింది, ఇచ్చాను. ప్రోగ్రాం తెరుచుకుంది. ఎవరి లాగిన్ తెరిచినా దానంతటదే మొదలయ్యేలా పెట్టాను. ముసలి ప్రోగ్రాం కొత్త ఇంట్లో బాగానే కుదురుకుందని మురిసిపోయాను కూడా.

సరిగ్గా అప్పుడే డాక్టర్ మందు మార్చాడు. అమ్మకి షుగర్ మరీ పడిపోతోంది, మధ్యాహ్నం గోళీ పూర్తిగా మానేసి, రాత్రి భోజనానికి ముందు కొత్తది ఒక్కటే వెయ్యమన్నాడు. అంటే నాన్న పిలుపు ఇప్పుడు తప్పు. రోజూ తప్పు వేళకి తప్పు మందు గుర్తుచేస్తుంది. అమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసి నేనే మైకు ముందు కూర్చున్నాను. "అమ్మా, అన్నం తిను. ఇప్పుడు గోళీ వద్దు" అని చెప్పి, నాన్న రికార్డింగ్ స్థానంలో దాన్ని పెట్టి, సేవ్ నొక్కాను. సేవ్ అయిందని ప్రోగ్రాం చెప్పింది. మళ్ళీ వేసి విన్నాను, నా గొంతే. నాన్న గొంతు తీసేశానని అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే విని తెలుసుకుంటుందిలే అనుకున్నాను.

ఆ తర్వాతే ఇంట్లో ఏదో మొదలైంది.

ముందు ఉప్పు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి కంప్యూటర్ బల్ల చుట్టూ నేల మీద కల్లుప్పు, రెండు ఎండుమిరపకాయలు. కీబోర్డు మీద అడ్డంగా చీపురు. ఏంటమ్మా ఇది అంటే "చీమలు" అంది, నా మొహం వైపు చూడకుండా. చీమలకి చీపురెందుకో నాకు అర్థం కాలేదు. ఊడ్చేశాను. కొన్నాళ్ళకి మళ్ళీ ఉప్పు.

తర్వాత ఫోన్లు. ఎప్పుడూ ఫోను ముట్టని మనిషి కొన్ని మధ్యాహ్నాలు ఆఫీసుకి ఫోన్ చేసేది. "ఎక్కడున్నావే? ఒంట్లో బాగుందా?" అంతే. నేనేమో కస్టమ్స్ కాగితాల మధ్య ఊపిరాడక ఉండేదాన్ని. "ఆఫీసులో కాక ఎక్కడుంటానమ్మా" అని విసుక్కునేదాన్ని. "మంచిది, మంచిది" అని పెట్టేసేది. ఇంటికొచ్చాక నా తల నిమిరి, చెంపలు తడిమి చూసేది, పిల్లకి జ్వరం చూసినట్టు.

ఆ వర్షాకాలంలోనే అమ్మ పడిపోయింది. నేను రాత్రి గోళీ వేసి, అన్నం కలిపి ఇచ్చాను. రెండు ముద్దలు తినకముందే ఒళ్ళంతా చెమటలు, మాట ముద్దగా అయిపోయి, పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రిలో చూసి షుగర్ అట్టడుగుకి పడిపోయిందన్నారు. రెండు పూటలా మందు వేశారా అని డాక్టర్ నన్నే నిలదీశాడు. ఇంకోసారి ఇలా అయితే లేవకపోవచ్చు అని మొహం మీదే చెప్పాడు. తేరుకున్నాక అమ్మని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "మద్దినేల మీ అయ్య పిలిసినాడు. ఏసీసుకున్నాను."

అన్నయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచి ఆ అలారం వేశాం. "అమ్మా, అన్నం తిను. ఇప్పుడు గోళీ వద్దు." నా గొంతు. మళ్ళీ వేశాం. నా గొంతే. నాన్న లేడు.

"అమ్మకి మాథా ఖరాబ్ అయిపోనాది" అన్నాడు అన్నయ్య, అటు తిరిగి. కళ్ళు తుడుచుకున్నాడనుకుంటాను. "మెంటల్ డాక్టర్‌కి సూపించాల."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. వదినని అడిగాం, నువ్వేమన్నా విన్నావా అని. వదిన షాలిమార్ రైల్వే వాళ్ళ అమ్మాయి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి. జాకెట్లు కుడుతుంది. ఉదయం తన లాగిన్ తెరిచి డిజైన్ల బొమ్మలు చూసుకుని, అలాగే వదిలేసి, మధ్యాహ్నం పాపని స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్తుంది. "ఆ యేలకి నాను ఇంట్లో ఉండను కదా. అత్త ఒక్కలే ఉంటాది" అంది. ఆ మాట మాకు మరీ దిగులు పుట్టించింది. ఒక్కర్తీ ఉన్నప్పుడే వినిపించే పిలుపు. ఇంక వేరే రుజువు ఏం కావాలి?

గోళీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు అన్నయ్య. నలభై ఏళ్ళు ఈ ఇంటి తాళాలు మొలలో పెట్టుకు తిరిగిన మనిషి, ఆ తాళం చెవి కొడుకు జేబులోకి పోవడం చూస్తూ ఊరుకుంది. ఆ చూపుని నేను భరించలేకపోయాను. మెంటల్ డాక్టర్ దగ్గర నంబరు చీటీ కూడా తీసుకున్నాం.

ఆ వారంలోనే ఒకరోజు తెల్లారినప్పటినుంచీ కుండపోత. మధ్యాహ్నానికల్లా ఖిదిర్‌పూర్ రోడ్డంతా నీళ్ళు, ఆఫీసు మూసి పంపేశారు. చెప్పులు చేత పట్టుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాను. మా సందులో మనిషి అలికిడి లేదు. వాన కొంచెం తెరిపి ఇచ్చింది. మెట్లెక్కుతున్నాను.

"ఒలే."

నా కాలు అక్కడే ఆగిపోయింది. పైనుంచి వచ్చింది, మా తలుపు వెనకనుంచి.

"ఒలే."

పొరపాటు పడ్డానని చెప్పుకోవడానికి కూడా లేదు. కఫం పట్టిన గొంతు, చివర్లో కొంచెం ఆయాసం. మా నాన్నే. నేను నా చేతులతో తీసేసిన గొంతు. పారిపోవాలనిపించింది. నిజం చెప్తున్నాను, అమ్మ లోపల ఒక్కర్తీ ఉందని గుర్తుండి కూడా ముందు పారిపోవాలనే అనిపించింది.

"ఒలేవ్."

అప్పుడు అమ్మ పలికింది. "ఆఁ, వస్తన్నాను." ఆ వెంటనే ఇంకో ఆడగొంతు, ఇంకా పడుచుగా, ఇంకా గట్టిగా, "ఆఁ, వస్తన్నాను." ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇద్దరూ మా అమ్మే.

గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల నాన్న "గోళీ ఏసుకున్నావేటి?" అని అడుగుతున్నాడు. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. అన్నం తినే వేళ బియ్యం డబ్బాతో ఏం పని? అది విన్నాక నాకు భయం కన్నా పెద్దది ఏదో పట్టుకుంది. రెండేసి మెట్లు ఎక్కి, తలుపు తోసుకుని, వంటింట్లోకి వెళ్ళి, అమ్మ అరచేతిలో ఉన్న పాత గోళీని కొట్టి పడేశాను. బియ్యంలో ఒక పాత గోళీల పట్టీ దాచుకుంది ఆవిడ, సగం ఖాళీ అయింది.

"ఇన్నావా?" అంది అమ్మ. గోళీ పోయినందుకు బాధ లేదు. ఆ మొహం వెలిగిపోతోంది. "ఇన్నావు కదా? నాకేటి పిచ్చి లేదు కదా?"

నేను విన్నానని తల ఊపాను. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద జాకెట్ వెనక డిజైన్లు. మూల చిన్న అక్షరాల్లో వదిన పేరు.

వదిన లాగిన్.

అప్పుడు తెలిసింది, నా బుర్ర ఎంత ఆలస్యంగా పనిచేస్తుందో. పాత ప్రోగ్రాములకి ఒక అలవాటు ఉంది. తమ సామానంతా తాము ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకుంటాయి. అవి పుట్టిన కాలంలో అడిగేవాడు లేడు. కొత్త సిస్టంలో ఆ చోట రాయడానికి మామూలు మనుషులకి అనుమతి ఉండదు. మొహం మీద వద్దంటే ముసలి ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. అందుకని సిస్టం దాని మనసు నొప్పించకుండా, సరే రాసుకున్నావు పో అని చెప్పి, రాసినదాన్ని తీసుకెళ్ళి, ఆ లాగిన్ మనిషికి మాత్రమే కనిపించే వేరే మూలలో దాస్తుంది. కొత్తకోడలు వంటింట్లో డబ్బాలు సర్దితే, బాగుందమ్మా అని, ఆమె అటు వెళ్ళగానే అత్తగారు మళ్ళీ పాత చోట పెట్టుకున్నట్టు. నేను తీసేశాననుకున్న నాన్న ఒక్కరోజు కూడా ఎక్కడికీ పోలేదు. నా లాగిన్‌లో చూస్తే నా గొంతు. ఇంకెవరి లాగిన్ తెరిచి ఉన్నా, ఆయన. అన్నయ్యా నేనూ ఎన్నిసార్లు వేసి చూసినా, చూసింది నా లాగిన్‌లోనే.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మని కూర్చోబెట్టి, నాకు చేతనైనట్టు చెప్పాను. దెయ్యం కాదు, పిచ్చి కాదు, పాత రికార్డింగ్ అని.

"అది నాకు తెలీదేటి?" అంది అమ్మ. "మీ అయ్య మాట ఆ పెట్టెలో పెడతన్నప్పుడు నాను ఇంట్లోనే ఉన్నాను కదా. పోయినోడు పెట్టెలో ఉన్నాడు. అందులో భయమేటి?"

"మరి ఉప్పెందుకు? చీపురెందుకు?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కొన్ని దినాలు ఆయన పిలవడు. నువ్వు పిలుస్తావు. అమ్మా, అన్నం తిను అని. నువ్వేమో ఆఫీసుల ఉంటావు. నీ మాట ఆ పెట్టెలోకి ఎల్డం నాను సూడలేదు. పోయినోలు ఉన్నకాడికి బతికున్న గుంటవి నువ్వెలగ ఎల్లినావు?" నా చెంప తడిమింది. "అదీ ఒక్కపాలే పిలుస్తాది. మూడు పాల్లు పిలవదు. మనిసైతే మూడు పాల్లు పిలుస్తాది కదా. నీ గొంతు ఏసుకుని ఏదో ఒచ్చినాదనుకున్నాను. నిన్ను ఒగ్గీమని ఉప్పు సల్లినాను."

వదిన షాలిమార్‌లో పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో నా లాగిన్ రాత్రి తెరిచినది తెరిచినట్టే ఉండిపోయేది. ఆ మధ్యాహ్నాలు నా గొంతు వినిపించేది. ఆ మధ్యాహ్నాలే ఆఫీసుకి ఫోన్. ఎక్కడున్నావే, ఒంట్లో బాగుందా. నేను విసుక్కుంటే, బతికే ఉన్నానని తెలిసి మంచిది, మంచిది అని పెట్టేసేది. తన మందు సంగతి గానీ, తనని మెంటల్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళబోతున్న సంగతి గానీ ఆవిడకి పట్టలేదు. ఆ ఇంట్లో అమ్మని భయపెట్టిన గాలి నాన్న కాదు, నేను.

అమ్మ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా తడి జుట్టు పిండుతూ కూర్చుంది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. వదిన లాగిన్ తెరిచి, ఏమీ చెప్పకుండా అలారం నొక్కాను. నాన్న మొదటి పిలుపుకే అతను కుర్చీలో కూలబడ్డాడు. అంతా విన్నాక లేచి, బీరువా తాళం చెవి తీసి అమ్మ చేతిలో పెట్టి, "తప్పయిపోనాది" అన్నాడు. డాక్టర్ దగ్గర తీసుకున్న నంబరు చీటీ చింపేశాడు.

ఇక ఆ ఫోల్డర్ సంగతి. అనుమతి ఇచ్చేస్తే చాలు, ఏ లాగిన్‌లో రాసినా అందరికీ ఒకటే కనిపిస్తుంది. నిమిషం పని. కానీ ఒక్కటే ఉండాలి అంటే ఏది ఉండాలి? నాన్న ఉంటే అమ్మ ఆ వేళకి గోళీ కోసం చెయ్యి చాస్తుంది, ఎంత చెప్పినా సరే. ఆయన అడిగితే కాదనడం ఆవిడకి రాదు. నేను ఉంటే, మూడుసార్లు పిలిచినా సరే, నేను చచ్చిపోయానేమో అని హడలిపోతుంది. అమ్మనే అడిగాను.

"నీ మాట తీసీయి" అంది ముందు. "నువ్వు నోటితోనే సెప్పు. పెట్టెలోకి ఎల్లకు."

"మరి నాన్న?"

తాళం చెవి మొలలో దోపుకుంటూ ఆలోచించింది. "గోళీ సంగతి అడగొద్దని సెప్పు. పిలవమను."

అలాగే చేశాను. నా రికార్డింగ్ చెరిపేశాను, ఈసారి నిజంగా చెరిగింది. నాన్న దాంట్లో చివరి ప్రశ్న కత్తిరించాను. ఆయన మాట మీద కత్తెర వెయ్యడానికి మనసొప్పలేదు, కానీ వేశాను. మూడు పిలుపులు, అమ్మ జవాబు మిగిలాయి. ఆ జవాబు కూడా తీసేద్దామా అనుకుని, ఉండనీ పలికింది కదా అన్న మాట గుర్తొచ్చి ఉంచేశాను. ఫోల్డర్‌కి అనుమతి ఇచ్చి, వదిన లాగిన్‌లో ఒకసారి, నాదాంట్లో ఒకసారి వేసి చూశాను. రెంట్లోనూ ఒకడే నాన్న.

అమ్మ ఇప్పుడు బాగుంది. రాత్రి గోళీ నేనే వేస్తాను, ఎదురుగా నిలబడి, మూడుసార్లు పిలిచి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను కాబట్టి మధ్యాహ్నం పిలుపు నేనూ వింటాను. మూడో పిలుపు కాగానే వంటింట్లోంచి అమ్మ, పెట్టెలోంచి అమ్మ, ఒకరి వెనక ఒకరు పలుకుతారు. పెట్టెలో గొంతు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. వంటింట్లోది ఏటికేడు సన్నబడుతోంది. చేతిలో ఏ పని ఉన్నా ఆపి, రెండూ వినిపించాయా అని చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

మొన్న ఆదివారం ఒక్కటే వినిపించింది. పడుచు గొంతు, గట్టిగా, "ఆఁ, వస్తన్నాను" అని. ఆ తర్వాత ఏమీ లేదు. ఇస్త్రీ పెట్టె బట్ట మీదే వదిలేసి పరుగెత్తాను. అమ్మ పీట మీద కూర్చుని ఉంది, కంచం ముందు, కదలకుండా. నోటినిండా అన్నం. నన్ను చూసి ఆగమని చెయ్యి ఊపి, నిదానంగా నమిలి, మింగి, కంప్యూటర్ వైపు తిరిగి, "ఆఁ, వస్తన్నాను" అంది.